కుందేలు సాక్ష్యం

పెళ్ళయి ఏళ్ళు గడిచినా మీ ఇంట్లో బిడ్డ పుట్టలేదనుకోండి, ముందుగా ఆసుపత్రికి ఎవరిని పంపారు? నాకు చెప్పనక్కర్లేదు, మీకు మీరే చెప్పుకోండి. కోడలిని పంపారు. ఆమె పొట్ట నొక్కించారు, గర్భసంచిలోకి మందు ఎక్కించి ఫొటో తీయించారు. ఆమెలో లోపం లేదని ఒక డాక్టరు చెబితే నమ్మక ఇంకొక డాక్టరు దగ్గరికి పంపారు. మగవాణ్ణి మాత్రం ఒక చిన్న గాజు సీసాలో వీర్యం పట్టి ఇవ్వమని అడగలేకపోయారు. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నావంటారా? మా అక్క ఇంట్లో నా కళ్ళ ముందే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో నేను తిరుపతిలో, విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో పరిశోధన చేసేదాన్ని. మగ జీవి శరీరంలో వీర్యకణం ఎలా తయారవుతుందో చూడటం నా పని. అది ఒక్కసారిగా పుట్టేది కాదు. గుండ్రటి మామూలు కణంగా మొదలై, మెల్లగా రూపం మార్చుకుని, చివరికి తోక మొలిచి ఈదుతుంది. ఆ మార్పులో చివరి దశకు చేరిన కణాల్లో మాత్రమే కనిపించే ప్రోటీన్ ఒకటుంది. మాంసం అంగడి నుంచి పొట్టేలు వృషణాలు తెచ్చి, నూరి, వడగట్టి, ఆ ప్రోటీన్‌ను వేరుచేసి కుందేలుకు సూదిమందుగా ఇచ్చేదాన్ని. కుందేలు ఒంటికి అది పరాయి వస్తువు. దాన్ని పట్టుకోవడానికి కుందేలు రక్తంలో ఒక పదార్థం పుడుతుంది. దాన్నే యాంటీబాడీ అంటారు. కుందేలు చెవి నరం నుంచి కొంచెం రక్తం తీసి గడ్డకట్టనిస్తే పైన పసుప్పచ్చని సీరం తేరుతుంది. యాంటీబాడీ అందులో ఉంటుంది. వృషణం ముక్కను ఉల్లిపొర కంటే పలచగా కోసి, గాజుపలక మీద పరిచి, ఆ సీరం వేసి కడిగి, తర్వాత రంగు తెప్పించే మందులు వేస్తే, ఆ ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు వస్తుంది. లేనిచోట రాదు.

మాంసం అంగడికి ఆడపిల్ల పొద్దున్నే వచ్చి అది అడుగుతుంటే నవ్వని వాడు లేడు. నవ్వనీ అనుకున్నాను. మా నాయన నన్ను చిన్నప్పటి నుంచి సంస్కరణ సభలకు తీసుకుపోయి వాదనలు వినిపించి పెంచాడు. నవ్వుకు వెనక్కి తగ్గడం మా ఇంట్లో ఎవరికీ రాదు.

మా అక్కను చిత్తూరు దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. బావకు చెరకు తోట, బెల్లం గానుగ ఉన్నాయి. అయినా ఆ చుట్టుపక్కల ఆయనను రైతుగా ఎవరూ చెప్పుకోరు. ఆయన అర్జునుడు. ఎండాకాలం వస్తే అక్కడ ధర్మరాజుల గుడి ముందు భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రి ఆట ఆడతారు. అందులో ఒక రోజు అర్జునుడి తపస్సు. మైదానం మధ్యలో ఎత్తైన మాను నాటి, దానికి మెట్లు కడతారు. అర్జునుడి వేషం వేసినవాడు పద్యాలు పాడుతూ ఒక్కొక్క మెట్టే ఎక్కి, పైన కూర్చుని శివుణ్ణి వేడుకొని, నిమ్మకాయలు, విభూతి, పూలు కిందికి విసురుతాడు. కింద, మాను చుట్టూ, బిడ్డలు లేని ఆడవాళ్ళు తడి చీరలతో బోర్లా పడుకొని, చేతులు చాచి ఉంటారు. దాన్ని వరపడడం అంటారు. చేతిలో నిమ్మకాయ పడితే కడుపు పండుతుందని నమ్మకం. ఆ వేషం బావ వాళ్ళ నాయనది. ఆయన తర్వాత బావది.

ఇప్పుడు ఊహించుకోండి. పైన వరాలు విసిరేది బావ. కింద తడి చీరలో, కాలే మట్టి మీద, చేతులు చాచి పడుకున్నవాళ్ళలో మా అక్క ఒకతె.

ఒక ఏడు నేనూ పోయి చూశాను. అక్క పక్కన పడుకున్న నడివయసు మనిషి తల తిప్పి అడిగింది. “ఏమ్మే, ఇంట్లో ఇయ్యని మొగుడు మాను మింద నుంచి ఇస్తాడా?”

చుట్టూ పడుకున్నవాళ్ళు మట్టిలోకి నవ్వారు. అక్క తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. “ఇంట్లో ఉండేది నా మొగుడు. ఆడ పైన ఉండేది అర్జునుడు. ఇద్దరినీ కలపొద్దు.”

ఆ మాట విని నేను కూడా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. ఆమె నిజంగానే ఆ ఇద్దరినీ వేరువేరుగా నమ్మింది. అలా నమ్మకపోతే ఆ మట్టి మీద పడుకోగలిగేది కాదు.

మరుసటి ఏడు భారతం దగ్గరపడే సమయానికి అక్క అత్తగారు తేల్చి చెప్పేసింది. పలమనేరు పక్కన దూరపు బంధువుల పిల్ల ఉంది, భారతం ముగియగానే ఆ పిల్లను బావకు చేసుకుంటారు. అక్కను వెళ్ళగొట్టరట. వంటింట్లో ఉండనిస్తారట. చట్టం ఒప్పుకోదని నేనన్నాను. ఊరు ఒప్పుకుందని ఆవిడ అంది.

అంతకు ముందే నేను అక్కను తిరుపతిలో పెద్ద డాక్టరమ్మకు చూపించి ఉన్నాను. పరీక్షలన్నీ అయ్యాక ఆ డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, “ఈమెలో ఏమీ లేదు. మగమనిషిని తీసుకురాకుండా మళ్ళీ ఈ గడప తొక్కొద్దు” అంది. ఇప్పుడు ఆ మాట పట్టుకొని నేను నేరుగా బావ గానుగ దగ్గరికి పోయాను. పెనంలో పాకం ఉడుకుతూ ఉంది. బావ నన్ను చూసి మామూలుగానే ఎగతాళి మొదలుపెట్టాడు.

“ఏం మరదలా, తిరుపతిలో కుందేళ్ళకు పెండ్లిళ్ళు చేస్తాండావంట?”

“నీకు మీయమ్మ చేసే పెండ్లి కంటే అదే నయం బావా.”

“నాకేందే, రాజు మాదిరి ఇద్దరు.”

“ఇద్దరిని పెట్టుకొని ఏం చేస్తావు? ముందు ఒక సీసాలో నీ వీర్యం పట్టియ్యి. దాంట్లో ఏముండాదో నేను చూస్తా.”

పాకం కలుపుతున్న మనిషి చేయి ఆగిపోయింది. బావ ముఖం ఎర్రబడింది. “ఆడపిల్లవు. మగోడిని అడిగే మాటనా అది? సిగ్గుండాదా నీకు?”

“మా అక్క ఆసుపత్రి బల్ల మింద కాళ్ళు చాపి పండుకున్న దినమే నా సిగ్గు పోయింది బావా.”

ఆయన నన్ను కొట్టినా ఆశ్చర్యపోయేదాన్ని కాదు. కొట్టలేదు, తువ్వాలు భుజాన వేసుకొని తోటలోకి పోయాడు. నా మాటతో ఆయన కదలలేదు. కదిలించింది అక్క. ఆ సాయంత్రం అన్నం పెడుతూ నా ఎదుటే ఆయనకు చెప్పింది.

“నువ్వు పరీక్ష చేయించుకుంటే ఈసారీ నేను వరపడతా. ల్యాకుంటే పడను. మాను కింద అర్జునుడి పెండ్లాం యాడ అని ఊరు అడుగుతాది. దానికి జవాబు పైనుంచి నువ్వే చెప్పుకో.”

బావ కంచం సగంలో వదిలి లేచాడు.

కొండకు పోతున్నానని ఇంట్లో చెప్పి తిరుపతి వచ్చాడు. బస్సు దిగిన దగ్గరి నుంచి తలమీద తువ్వాలు తీయలేదు. మా ప్రయోగశాలలో స్నానాల గది తలుపు చూపించి సీసా ఇచ్చి నేను బయటికి వచ్చేశాను. వరస కాని పని, నాకూ తెలుసు. ఆసుపత్రికి పొమ్మంటే పోయేవాడు కాదు, అక్కడ ఎవరైనా గుర్తుపడతారని భయం. ఇక్కడైతే కుందేళ్ళు మాత్రమే చూస్తాయన్నాడు.

సూక్ష్మదర్శిని కింద నేను మొదట చూశాను. మళ్ళీ చూశాను. కొత్త పలక మీద ఇంకో చుక్క వేసి చూశాను. ఏమీ లేదు. ఒక్క కణం లేదు. ఆ పొద్దు అంగడి నుంచి తెచ్చిన పొట్టేలుది ఇంకో పలక మీద ఉంది. అది ఆయనకు చూపించాను, ఉండాల్సినవి ఎలా ఉంటాయో తెలియాలని. బావ వంగి చూసి ముందు సంతోషపడ్డాడు.

“అబ్బా, ఎట్ల ఈదుతాండాయో సూడు. ఇవి నావేనా?”

“పొట్టేలువి బావా.” పలక మార్చాను. “ఇది నీది.”

చాలాసేపు చూశాడు. ఒక కన్ను మూసి, తెరిచి, ఇంకో కన్నుతో చూశాడు. తర్వాత నా వైపు తిరిగి చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు. “పొట్టేలుకు ఉండేటివి నాకు ల్యావా?”

ఇంత పెద్ద మనిషి, మాను మీది నుంచి పద్యం ఎత్తుకుంటే మైదానమంతా వినబడే గొంతు.

మా గురువుగారికి తెలిసిన సర్జన్ ఒకాయన ఉండేవాడు. రెండు విధాలుగా ఇలా జరగవచ్చని ఆయన చెప్పాడు. లోపల కణాలు తయారవుతూ, బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఉండవచ్చు. అదైతే ఆపరేషనుతో ప్రయత్నం చేయవచ్చు. లేదా కణాలు తయారవడమే మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు చేయగలిగింది లేదు. బావ మొదటిదాన్నే పట్టుకున్నాడు. “కాలవలో చెత్త అడ్డం పడినట్ల. తీసేస్తే నీళ్ళు పారతాయి. అంతే కదప్పా?” అని డాక్టరును పదేపదే అడిగాడు. వృషణం నుంచి చిన్న ముక్క తీయించుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆసుపత్రిలో మామూలు రంగులు వేసి చూస్తే తేలలేదు. ముక్క నలిగిపోయి ఉంది, గుండ్రటి కణాలు కొన్ని కనిపిస్తున్నాయి, అవి చివరి దాకా పోతున్నాయో లేదో చెప్పలేనన్నాడు సర్జన్. మిగిలిన భాగం నాకు ఇచ్చి, “నీ సీరం పరిశోధనకే కానీ వైద్యానికి కాదు. అయినా చూడు” అన్నాడు.

చూశాను. రంగు రాలేదు.

ఇక్కడ ఆగండి. రంగు రాకపోతే రెండు అర్థాలుంటాయి. ఆ ప్రోటీన్ అక్కడ లేకపోవచ్చు. నా సీరం చచ్చిపోయి ఉండవచ్చు. ఎండాకాలం, గంటల కొద్దీ కరెంటు పోయేది, ఫ్రిజ్ తలుపు తెరిస్తే వెచ్చటి గాలి ముఖాన కొట్టేది. సీరం చెడిపోయి ఉండాలని నేను కోరుకున్నాను. ఏళ్ళ తరబడి చేసిన పని పాడైపోవాలని కోరుకున్న పరిశోధకురాలిని మీరెక్కడైనా చూశారా? ఆ కొన్ని రోజులు నేను అదే మనిషిని. ఆపరేషను ఆశ మిగలాలంటే, అక్క వంటింటి పాలు కాకుండా ఉండాలంటే, నా కుందేలు అబద్ధం చెప్పి ఉండాలి.

మళ్ళీ కుందేలు చెవి నుంచి రక్తం తీశాను. తాజా సీరం. ఈసారి ఒకే పూట, ఒకే చేతితో, ముక్కలన్నీ కలిపి చేశాను. ఒకటి పొట్టేలుది. ఒకటి వేరే జబ్బుకు ఆపరేషను అయిన ఇంకొక మగమనిషిది, సర్జన్ ఇప్పించాడు. ఒకటి బావది. పొట్టేలు ముక్క గోధుమ రంగుకు తిరిగింది. ఆ తెలియని మనిషి ముక్క కూడా తిరిగింది. బావ ముక్క ఎలా వేశానో అలాగే ఉంది. సీరం బతికే ఉంది.

పక్కన పోల్చి చూసే ముక్క లేకుండా ఒక్కదాన్నే పరీక్షించి తీర్పు చెప్పేవాణ్ణి మా విభాగంలో గుమ్మం ఎక్కనివ్వరు. అక్క విషయంలో ఇన్నేళ్ళు జరిగిందేమిటి? ఒక్క ఆడమనిషినే బల్ల మీద పెట్టి, పక్కన మగమనిషిని పెట్టకుండా, ఊరంతా కలిసి తీర్పు చెప్పేసింది.

ఫలితం వినడానికి వచ్చిన రోజు బావ చంకలో చెరకు ఆకు కట్ట పెట్టుకొని వచ్చాడు. నేరుగా కుందేళ్ళ గది దగ్గరికి పోయి, నా కుందేలు ఏదో అడిగి, బోనులోకి ఆకు తోశాడు.

“ఈయమ్మ చేతిలోనే కదా నా బతుకుండేది. ఉత్త చేతుల్తో ఎట్ల వస్తా?”

నేను చెప్పాను. మెత్తగా చెప్పే విద్య నాకు రాదు. కణాలు తయారవడమే ఆగిపోయింది, దారి తెరిచినా వచ్చేదేమీ లేదని చెప్పాను. ఆయన కుందేలునే చూస్తూ అన్నాడు, “దానికి తప్పు చెప్పేది తెల్దా?”

“తెల్దు బావా. రెండోసారీ చూసినాను.”

బోను తలుపు మూసి నా వైపు తిరిగాడు. నా చేయి పట్టుకున్నాడు. “మరదలా, ఎవురికీ చెప్పొద్దు. నన్ను మాను దించొద్దు. ఆ పొద్దు వాళ్ళంతా నా చేతుల్నే చూస్తాంటారే. నేనే ఇట్లాంటోడినని తెలిస్తే నా నీడ కూడా తొక్కరు.”

“మాను మింద నువ్వు ఉంటే ఉండు. ఆ పెండ్లి ఆపు. ఇంకొక ఆడపిల్లను తెచ్చి ఆ మట్టి మింద పండబెట్టొద్దు.”

తల ఊపాడు. ఆ తల ఊపును నేను నమ్మాను.

అక్క మాట తప్పలేదు. అంతా తెలిసి కూడా ఆ ఏడు తడి చీరతో మాను కింద పడుకుంది. బావ ఎక్కి పద్యాలు పాడి, కాయలు విసిరాడు. భారతం ముగిసింది. ఇంట్లో బావ “నాకు ఈ పెండ్లి వద్దు” అన్నాడట. “ఎందుకురా?” అందట తల్లి. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన నోరు పెగల్లేదు. ఎందుకో చెబితే తపస్సు మాను దిగాలి. చెప్పకపోతే పెళ్ళి పీట ఎక్కాలి. పీటే సులువనిపించింది ఆయనకు.

అప్పుడు నేనే చెప్పాను ఆవిడకు. ఆవిడ చీపురు పట్టుకొని లేచింది. “కుందేలు నెత్తురు చూసి నా కొడుకును గొడ్డోడంటావా? మీ అక్క గొడ్డుపోతు కాబట్టి నువ్విట్ల కతలు అల్లతాండావు. పో, మళ్ళా ఈ వాకిట్లోకి రావద్దు.”

పలమనేరుకు పోయాను. ఒక మగవాడి రహస్యం నా చేతిలో ఉంది, అది బయటపెట్టే హక్కు నీకెవరిచ్చారని కొందరు తర్వాత అడిగారు. ముక్కూ మొగం తెలియని పిల్ల బతుకు కూడా నా చేతిలోనే ఉందని వాళ్ళకు తోచలేదు. పిల్ల తండ్రికి పాడి ఉంది. నేను పోయేసరికి ఆవు పొదుగు కడుగుతున్నాడు. కూర్చోమని, మజ్జిగ ఇప్పించి, మొత్తం ఓపికగా విన్నాడు. విని, “కుందేలు చెప్పిందా తల్లీ?” అని నవ్వాడు.

“కుందేలును వదిలెయ్ మామా. నీ ఆవుకు సూదేయించినా చూలు నిలవకపోతే నువ్వేమంటావు? మొదట మందు మంచిది కాదేమో, ఆబోతు మంచిది కాదేమో అంటావు కదా?”

“అంటా.”

“మరి కూతురికాడ ఎందుకు అనవు?”

పొదుగు మీద చేయి ఆగింది. ఒక్క క్షణం ఆ మనిషి నా వైపుకు వచ్చేశాడనుకున్నాను. తర్వాత తల అడ్డంగా ఊపాడు. “ఆబోతు వేరు తల్లీ, ఆయన వేరు. మా పక్కింటామె ఆయన యేసిన కాయ తినే కదా కొడుకును కనింది? ఈదిలో ఇంకొకామెకు కవలలు. అంతమంది కడుపులు పండించినోడికి బిడ్డల్లేకుండా పోతారా? లోపముండేది మీ అక్కలోనే.”

ఇదే, ఈ తర్కమే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఎవరి బిడ్డలనో చూపించి బావ మగతనానికి సాక్ష్యం చెబుతున్నాడు! ఆ ఆడవాళ్ళకు వాళ్ళ వాళ్ళ మొగుళ్ళ వల్ల బిడ్డలు పుట్టారు మామా, నిమ్మకాయ వల్ల కాదు అన్నాను. బిడ్డ పుట్టినవాళ్ళు గుడిలో ఉయ్యాల తెచ్చి కట్టి పోతారు, అది అందరికీ కనిపిస్తుంది, పుట్టనివాళ్ళు మొగం చాటేసి పోతారు, వాళ్ళను ఎవరూ చూడరు అన్నాను. అరిచాను కూడా. లోపలి నుంచి ఆ పిల్ల తొంగి చూసింది. మెడలో నల్లపూసలు కూడా ఇంకా ఎక్కని పిల్ల. నేనెవరో, ఎందుకు అరుస్తున్నానో ఆమెకు అర్థం కాలేదు. తండ్రి పాలచెంబు ఎత్తుకొని లోపలికి పోయాడు.

పెళ్ళి ఇంట్లోనే, చప్పుడు లేకుండా చేశారు.

తర్వాతి ఏడు భారతానికి నేను పోకూడదనుకున్నాను. పోయాను. వాకిట్లోకి రావద్దన్నారు కానీ మైదానం అందరిదీ. జనంలో అక్కకు దగ్గరగా నిలబడి చూశాను. మాను చుట్టూ తడి చీరలు. అక్క పక్కన ఆ పిల్ల. కొత్త కోడలు కదా, పడుకోవడం తెలియడం లేదు. ముఖం కాలుతోందని లేస్తూ ఉంది. అక్క తన తడి కొంగు తీసి ఆ పిల్ల ముఖం కింద పరిచింది.

“అక్కా, కాయ పడితే ఈడనే తినాల్నా, ఇంటికి పోయి తినాల్నా?” అని అడిగింది ఆ పిల్ల.

“నువ్వు యాడ తిన్నా ఒకటేలేమ్మా” అంది మా అక్క.

బావ పద్యం ఎత్తుకున్నాడు. విసరడం మొదలుపెట్టాక ఒక కాయ వచ్చి ఆ ఇద్దరి చేతుల మధ్య మట్టిలో పడింది. ఇద్దరికీ అందీ అందనట్టు ఉంది. అక్క వేలితో దాన్ని ఆ పిల్ల అరచేతిలోకి తోసింది. పిల్ల దాన్ని గుప్పిట్లో బిగించి ఏడ్చేసింది, సంతోషంతో.

తర్వాత అక్కను అడిగాను. లేచి చెప్పలేకపోయావా, అందరి ముందూ? “చెప్పి యాడికి పోతానే?” అంది. “నిన్ను నమ్మినారా వాళ్ళు, నన్ను నమ్మేదానికి?”

ఆ ఇంట్లో బిడ్డ పుట్టలేదు. పలమనేరు పిల్ల కూడా గొడ్రాలనిపించుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే వంటింట్లో ముసలివాళ్ళవుతున్నారు. ఇది రాస్తానని బావకు కబురు పెట్టాను. పేరు రాయవద్దన్నాడు. రాయలేదు. మాను మాత్రం ఎక్కడం మానేశాడు, మోకాళ్ళ నొప్పులని చెప్పి. ఇప్పుడు ఎవరో కుర్రవాడు ఎక్కుతున్నాడు. వాడి పెళ్ళాం కింద పడుకొని ఉందో లేదో నాకు తెలియదు.

మా అక్క కోసం నేను చేయగలిగింది ఏమీ మిగల్లేదు. మీరు చేయగలిగింది మిగిలి ఉంది. ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో బిడ్డ కోసం ఎదురుచూస్తున్న కోడలు ఉంటే, ఆమెను ఇంకొక ఆసుపత్రికి, ఇంకొక గుడికి పంపకండి. మీ కొడుకును పంపండి. ఆ కొడుకు మీరే అయితే మీరే పోండి, తలమీద తువ్వాలు వేసుకోకుండా పోండి. మీ వీధిలో ఎవరైనా బిడ్డలు లేరని రెండో పెళ్ళి మాట ఎత్తితే, పెళ్ళికూతురి తండ్రి గుమ్మం ముందుకు పోయి నిలబడి అడగండి: వరుడి పరీక్ష ఎక్కడ? చూపించేదాకా అక్కడి నుంచి కదలకండి.